స్కూల్ వ్యానుకి కుట్టిన కర్టెన్లు

మావారు గూడ్సు బళ్ళ మీద గార్డుగా చేసి రిటైరయ్యారు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే లైనులో, ఇనుప ఖనిజం మోసే బండి చివరి పెట్టెలో ఒక్కరే కూర్చుని, సొరంగాల మీద సొరంగాలు దాటుతూ ఉద్యోగమంతా గడిపేశారు. రిటైరైతే ఇంటిపట్టున ఉంటారనుకున్నాను. వేసవి ఇంకా రాకముందే ఒక పాత స్కూల్ వ్యాను తెచ్చి వాకిట్లో నిలబెట్టారు. పసుపు రంగు అక్కడక్కడా పెచ్చులు లేచిపోయింది. లోపల సీట్ల కింద చాక్లెట్ కాగితాలు, ఎవరో పిల్లలు వదిలేసిన ఒంటి సాక్సు.

"ఇందులో ఇద్దరం పడుకోవచ్చే," అన్నారు పక్క తలుపు జరిపి చూపిస్తూ. "లాడ్జీలొద్దు, ఎవుల్నీ అడగక్కర్లేదు. ఎక్కడ బాగుంటే అక్కడ ఆగిపోడమే. నీ తల ఇటు, నా తల అటు."

నా తల ఎటు పెట్టుకోవాలో కూడా ఆయనే ఆలోచించి పెట్టారు గానీ, వస్తావా అని అడగలేదు. నేనూ రానని అనలేదు.

మా కాపురం మొదట్నుంచీ అలాగే సాగింది. నేను విజయనగరంలో బాప్టిస్టు చర్చి కుటుంబంలో పుట్టాను. ఆయనది బొబ్బిలి దగ్గర వరి పండించే ఇల్లు. ఇద్దరం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి పెళ్ళి చేసుకున్నాం. చాలా ఏళ్ళు ఇటువాళ్ళూ రాలేదు, అటువాళ్ళూ రాలేదు. రైల్వే క్వార్టర్సులో మాకు మేమే. అందులోనూ ఆయన ఇంట్లో ఉండే రోజులు తక్కువ. ఉన్న ఆ కాస్త సేపూ ఆయన మాటకి అడ్డు చెప్పి పాడు చేసుకోవడం ఎందుకని, ఆయన అన్నదానికల్లా సరేననడం అలవాటైపోయింది. తర్వాత అది అలవాటని కూడా మర్చిపోయాను.

వ్యానులో వెనక సీట్లన్నీ పీకించేసి ప్లైవుడ్డు పరుపు బల్ల వేయించారు. డ్రైవరు సీటు వెనక పైకప్పు దాకా ఒక చెక్క అలమారా కట్టించారు. స్టవ్వు, గిన్నెలు, బియ్యం డబ్బా అందులో. దాంతో ముందు సీట్లకీ వెనక భాగానికీ మధ్య దారి మూసుకుపోయింది. కిటికీలకి పిల్లలు చేతులు బయట పెట్టకుండా అడ్డంగా వేసిన ఇనప ఊచలు ఎలా ఉన్నవి అలాగే ఉంచేశారు. "దొంగల భయం ఉండదు," అన్నారు.

మొదటిసారి కళింగపట్నం వెళ్ళాం. అప్పటికి కర్టెన్లు లేవు. సముద్రం గాలి బాగానే వచ్చింది, నిద్ర కూడా పట్టింది. తెల్లారి కళ్ళు తెరిచేసరికి గాజు మీద రెండు అరచేతులు, వాటి మధ్య ఒక మొహం. దాని వెనక ఇంకో ఇద్దరు. వలలు లాగడానికి వచ్చిన మనుషులు. లోపల ఏముందో చూద్దామని వచ్చారంతే, చెడ్డ ఉద్దేశం లేదు. నేను నైటీలో ఉన్నాను. దుప్పటి గొంతు దాకా లాక్కుని, వాళ్ళు వెళ్ళేదాకా అవతలి వైపు తిరిగి పడుకున్నాను. మావారు మాత్రం లేచి కూర్చుని వాళ్ళతో కిటికీలోంచే కబుర్లు మొదలుపెట్టారు. ఆయనంతే. ఎన్నో ఏళ్ళు పెట్టెలో ఒంటరిగా కూర్చున్న మనిషి కదా, ఇప్పుడు ఎవరు కనిపించినా వదలరు.

ఇంటికొచ్చాక నేనే పట్టుబట్టాను, కర్టెన్లు లేకపోతే ఆ వ్యాను ఎక్కనని. ఆ ఒక్క విషయంలో నోరు తెరిచాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు.

విజయనగరం గంటస్తంభం దగ్గర మందపాటి ముదురు నీలం గుడ్డ తీసుకున్నాను. కిటికీలన్నీ ఒక్క కొలత కాదు. వెనక వాటికి మూలలు గుండ్రంగా తిరిగి ఉంటాయి. పాత న్యూస్ పేపర్లు గాజు మీద పరిచి, పెన్సిలుతో అంచులు గీసి, కత్తిరించి నమూనాలు చేసుకున్నాను. ఎండ వెలుగు దిగకుండా లోపల నల్ల అస్తరు వేసి, రెండు గుడ్డలూ కలిపి మిషను మీద కుట్టాను. సూది రెండుసార్లు విరిగింది. పై అంచు మడిచి గొట్టంలా కుట్టి అందులో స్ప్రింగు వైరు దూర్చాం. వైరు కొసల కొక్కేలు కిటికీ ఊచలకే తగిలించాం గనక రేకుకి బెజ్జాలు పెట్టే పని లేకపోయింది. కానీ బండి కదిలినప్పుడల్లా కింద అంచు ఎగిరేది. కళింగపట్నం మొహాలు గుర్తొచ్చి, కింద కూడా గొట్టం కుట్టి ఇంకో వైరు వేశాను. పక్కల చరచరమంటూ అతుక్కునే పట్టీలు కుట్టాను. ముందు అలమారాకి, వెనక డిక్కీ తలుపుకి కూడా వేశాను. ఎక్కడా వేలు దూరే సందు లేదు.

ఆ సాయంత్రం వాకిట్లోనే ఇద్దరం వ్యానెక్కి తలుపు మూసి, అన్నీ దించి చూశాం. ఆయన చెయ్యి నాకు కనిపించలేదు.

"సొరంగంలో ఉన్నట్టున్నాది," అన్నారు చీకట్లోంచి. ఆ గొంతులో అంత తృప్తి చాలా రోజుల తర్వాత విన్నాను.

నాకు మాత్రం గుండెల మీద ఎవరో కూర్చున్నట్టయింది. బాగా కుట్టాననుకున్న గర్వం, ఇంట్లోకి పారిపోవాలన్న ఆత్రం ఒకేసారి కలిగాయి. "బాగుందా?" అని ఆయన అడిగితే బాగుందన్నాను.

ఆ రోజుల్లో నాకు నెలసరి ఆగిపోయే దశ. కారణం లేకుండా ఒళ్ళంతా సెగ పుట్టేది. మెడ నుంచి మొదలై చెవులు, నెత్తి మండిపోయి, ఒక్క క్షణంలో జాకెట్టు తడిసిపోయేది. ఇంట్లోనైతే లేచి వెళ్ళి పెరటి గట్టు మీద కూర్చునేదాన్ని. రెండోసారి ప్రయాణంలో, బొబ్బిలి దాటాక ఒక మామిడితోట పక్కన పడుకున్నప్పుడు ఆ సెగ వచ్చింది. పట్టీ కాస్త ఊడదీసి ముక్కు కిటికీకి ఆనించాను. చరచరమన్న చప్పుడుకి ఆయన లేచారు. "ఏటి, ఎవులైనా వచ్చారా?" ఎవరూ లేరన్నాను. "అయితే మూసీ, వెలుగు పడతాది," అని మళ్ళీ నిద్రపోయారు. మూసేశాను. ఆయనకి నా సెగల సంగతి తెలియదు. చెప్పడానికి సిగ్గు. మా ఇద్దరి మధ్యా ఏవో కొన్ని మాటలు ఎప్పుడూ అలా ఆగిపోయేవి. తెల్లారేదాకా నోరు తెరుచుకుని ఊపిరి తీస్తూ, ఊచలు ఎక్కడెక్కడ ఉన్నాయో వేళ్ళతో తడుముకుంటూ పడుకున్నాను. ఇంటికొచ్చాక ఎలా ఉందని పక్కింటావిడ అడిగితే చాలా బాగుందని చెప్పాను.

మూడోసారి శ్రీముఖలింగం వెళ్ళాం. గుడి చూసుకుని, వంశధార ఒడ్డున రోడ్డు దిగి కాస్త పక్కకి, సరుగుడు చెట్ల నీడలో బండి ఆపారు. మర్నాడు పొద్దున్నే లేచి నదిలో స్నానాలు చేశాం. నేను తడి చీరతో వచ్చి వ్యానెక్కాను.

"మంచినీళ్ళు అయిపోయాయి. ఊళ్ళోకెళ్ళి నీళ్ళూ టీలూ తెస్తాను," అన్నారు.

"తలుపుకి తాళం వేసి వెళ్ళండి, బట్టలు మార్చుకుంటాను. ఎవరైనా లాగుతారేమో," అన్నాను.

తాళం వేయమన్నది నేనే. ఆ మాట తర్వాత ఎంతమందికి చెప్పినా ఎవరూ వినలేదు.

చీర మార్చుకుని, తల తుడుచుకుని కూర్చున్నాను. ఆయన రాలేదు. మా ఫోన్లు రెండూ ముందు సీటు దగ్గర చార్జింగులో ఉన్నాయి, అలమారా అవతల. ఎండ ఎక్కింది. నీడ చెట్ల కిందకి జరిగిపోయి బండి మొత్తం ఎండలోకి వచ్చేసింది. పైన రేకు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తోంది. అప్పుడు ఆ సెగ పుట్టింది.

తలుపు తీసి కాస్త కాళ్ళు బయట పెట్టుకుందామని లోపలి పిడి లాగాను. తాళం వేసి ఉన్న సంగతి చేతికి గుర్తు రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. ఎన్నో చిన్న చేతులు లాగి లాగి అరగదీసిన ప్లాస్టిక్ పిడి, పుటుక్కున విరిగి నా గుప్పిట్లోకి వచ్చేసింది.

ఒక్కసారిగా నాకు అన్నీ అర్థమయ్యాయి. ముందుకి అలమారా. వెనక డిక్కీ బయట్నుంచే తెరుచుకుంటుంది. పక్కన ఊచలు. గుండె ఎంత వేగంగా కొట్టుకుందంటే, ఇదేనేమో గుండెపోటంటే అనుకున్నాను. నది వైపు కర్టెను పట్టీలు పీకి, కింది వైరు కొక్కెం తియ్యబోతే చెమట చేతులకి జారిపోయింది. చివరికి గుడ్డని పైకి దూసి, గాజు సగం జరిపాను. సగమే జరుగుతుంది. ఊచల మధ్య నా వేళ్ళు దూరాయి, చెయ్యి దూరలేదు. పెదవులు ఆ సందులో పెట్టి ఊపిరి పీల్చుకున్నాను. ప్రార్థన చేద్దామనుకున్నాను, మాటలు రాలేదు. చివరికి కేకలేశాను.

"ఎవరండీ! ఎవరైనా ఉన్నారా!"

మేకలు కాసుకుంటున్న ఒక పెద్దాయన వచ్చాడు. నన్ను చూసి, తలుపు లాగి చూసి, ఏమీ మాట్లాడకుండా వెనక్కి తిరిగి ఊరి వైపు గట్టిగా పిలిచాడు.

"ఒరే! ఇటు రండ్రా! బండిలో ఎవుల్నో ఆడకూతుర్ని ఎట్టి తాళమేసీసినారు!"

చూస్తూండగానే మనుషులు చేరారు. స్నానాలకి వచ్చినవాళ్ళు, పొలానికి పోతున్నవాళ్ళు. ఆ కిటికీ దగ్గర అన్ని మొహాలు ఒకేసారి మూగేసరికి, కళింగపట్నంలో దుప్పటి లాక్కున్నట్టే, నా చెయ్యి దానంతటదే కర్టెను కిందకి లాగేసింది.

అదే కొంప ముంచింది.

"సూసినావా, మూసీసినాడు! లోపల ఇంకొకడున్నాడు!"

"ఆవిడ నోరు నొక్కీసినాడు రా!"

"అద్దం పగలగొట్టండి!"

"ఎవరూ లేరండీ! మా ఆయన నీళ్ళకి వెళ్ళారు! తాళం నేనే వెయ్యమన్నాను!" అని నేను లోపల్నుంచి అరుస్తున్నాను. మందపాటి గుడ్డ, నల్ల అస్తరు. నా గొంతు నాకే దూరంగా వినిపించింది. బయట బండిని చేతులతో బాదుతున్నారు. ఒక పక్కకి ఊగింది. గిన్నెలు దొర్లాయి. కర్టెను తీస్తే గాలి వస్తుంది, కానీ వాళ్ళు చూస్తారు. తియ్యకపోతే ఊపిరాడదు. నేను కుట్టిన గుడ్డని రెండు చేతులతో పట్టుకుని, తియ్యలేక మూయలేక అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాను.

అంతలో మావారి గొంతు. ఊళ్ళో టీకొట్టు దగ్గర ఎవరో నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే పాత చిన్న రైలు గురించి మాట తీస్తే, అక్కడే కూర్చుండిపోయారట.

"ఏటైంది? ఏటి నా బండి సుట్టూ?"

"నీదేనేటి ఈ బండి?"

తర్వాత తోపులాట చప్పుడు. నీళ్ళ క్యాను నేల మీద పడి దొర్లిన చప్పుడు.

"నా పెళ్ళాం రా బాబూ! లోపలున్నది నా పెళ్ళాం!"

"పెళ్ళామైతే తాళమెందుకేసినావు? పరదాలెందుకు కట్టినావు?"

ఎవరో ఆయన జేబులోంచి తాళాలు లాక్కుని తలుపు తెరిచారు. వెలుగు కళ్ళలో కొట్టింది. నేను దిగలేక గుమ్మంలోనే కూలబడ్డాను. తడి జుట్టు, చెమటతో అంటుకుపోయిన చీర. అందరూ ముందు నా మొహం చూశారు, తర్వాత మెడ చూశారు.

"బొట్టు లేదు, పుస్తెల్లేవు. పెళ్ళామంతన్నాడు సూడు," అన్నాడొకడు.

నేను ఎప్పుడూ పెట్టుకోలేదు. మావారు ఎప్పుడూ పెట్టుకోమనలేదు. మా కాపురంలో అది మాకు గొడవే కాని విషయం. ఆ క్షణాన అదే సాక్ష్యమైపోయింది. ఇద్దరు మనుషులు మావారి చేతులు పట్టుకుని నిలబెట్టి ఉన్నారు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. ఆయన నా వైపు చూస్తున్నారు.

అప్పుడు ఒక ముసలామె మగవాళ్ళని మోచేత్తో తోసుకుంటూ వచ్చింది. "ఎనక్కెల్లండ్రా. ఆడమడిసి మీద పడిపోతన్నారు," అని తిట్టి, వ్యానెక్కి నా పక్కన బల్ల మీద కూర్చుంది. తలుపు సగం దాకా జరిపింది. పమిటతో నా మొహం తుడిచింది. ఆమె చేతులకి వేపాకు వాసన.

"బయపడకమ్మా. నాకు నిజం సెప్పు. ఆడు నీకేటవుతాడు?"

"మా ఆయనే. నేను క్రైస్తవుల పిల్లని, అందుకని బొట్టు పెట్టుకోను."

"అలగా. మా ఊళ్ళోనూ ఉన్నారులే. కొట్టినాడా?"

"లేదు. ఎప్పుడూ కొట్టలేదు."

"మరి నీకు ఇష్టమయ్యే వచ్చినావా?"

అవునని చెప్పేస్తే అయిపోయేది. ఒక్క మాట. మావారిని వదిలేసేవారు. ఇన్నేళ్ళ కాపురంలోనూ నన్ను ఎవరూ అలా అడగలేదు. మా అమ్మ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. జవాబు వెతుక్కుంటుంటే ఏడుపు వచ్చింది. ముసలామె తొందరపెట్టలేదు. బయట జనం కూడా ఆగారు. ఆ నిశ్శబ్దంలో నది అవతల ఎవరో బట్టలు బాదుతున్న చప్పుడు వినిపించింది.

"ఈ బండి నాకు పడదు," అన్నాను చివరికి. "ఊపిరాడదు."

"ఆడికి తెలుసా?"

"తెలీదు."

"సెప్పలేదేటి?"

తల అడ్డంగా ఊపాను.

"అదేటమ్మా!" అని నన్నే కసిరింది. "నువ్వు సెప్పకపోతే ఆడికెలాగ తెలస్తాది? ఆడు దేవుడేటి?"

ఆమె దిగి, "మొగుడూ పెళ్ళాలే. ఒగ్గీండి ఆడ్ని," అంది. వాళ్ళు వదిలేశారు. మేకల పెద్దాయన నీళ్ళ క్యాను ఎత్తి తెచ్చి ఇచ్చాడు. మావారి దగ్గరకెళ్ళి ఆమె ఏదో అంది. "మడిసిని పెట్టిలో ఎట్టి" అన్నంత వరకే నాకు వినిపించింది. మావారు తల వంచుకున్నారు. ఆమె మమ్మల్ని తన ఇంటికి తీసుకెళ్ళి అరుగు మీద కూర్చోబెట్టి, చల్లటి తరవాణి చెరో గ్లాసు ఇచ్చింది. పులిసిన గంజి నీళ్ళలో ఉప్పు, ఉల్లిపాయ. అంత రుచిగా ఏదీ తాగలేదు. అంతసేపూ మావారు ఒక్క మాట మాట్లాడలేదు. మాటల మనిషి మూగబోతే ఎలా ఉంటుందో అప్పుడే చూశాను.

తిరుగు ప్రయాణంలో నేను ముందు సీట్లో కూర్చున్నాను. నరసన్నపేట దాటి హైవే ఎక్కాక ఆయన నోరు విప్పారు.

"ఆ ముసలమ్మ అడిగినప్పుడు నువ్వు ఊరుకున్నావు."

నేను కిటికీ అద్దం పూర్తిగా దించుకున్నాను.

"బయట నిలబడి ఇంటన్నాను. ఎంతసేపటికీ నీ గొంతు లేదు. నన్ను కాదంటావేమో అనిపించింది." ఆయన ముందున్న లారీని దాటకుండా దాని వెనకే పోనిచ్చారు. "ఆళ్ళు కొడతారని కాదే. నువ్వు కాదంటే నేనేటి సెయ్యాలా అని."

"మిమ్మల్ని కాదనలేదండీ. ఆవిడ అడిగింది వేరే."

"నాకు ముందే సెప్పొచ్చు కదా."

"మీరు అడగలేదు."

కోపంతో అన్న మాట కాదు. ఉన్న సంగతే. తర్వాత నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఒంట్లో పుట్టే సెగల గురించి, మామిడితోట దగ్గర తెల్లార్లూ మెలకువగా ఉండటం గురించి. రోడ్డు వైపు చూస్తూ చెప్పాను, ఆయన మొహం చూస్తే చెప్పలేను. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. ఒక్కచోట మాత్రం, "ఇన్నాళ్ళూ రైల్లో నాకు ఆ పెట్టి సుఖంగానే ఉండేది. అందరికీ అలాగే ఉంటాదనుకున్నాను," అన్నారు.

మర్నాడే వ్యానుని వెల్డింగు షాపుకి తీసుకెళ్ళి ఊచలన్నీ కోయించేశారు. తలుపుకి కొత్త పిడి వేయించారు. అలమారా మధ్యకి కోయించి మనిషి పట్టే దారి పెట్టించారు. ఊచలు పోయాక కర్టెన్లకి ఆధారం లేకపోయింది. వాటి జోలికి ఆయన రాలేదు, మడతపెట్టి మిషను మీద పెట్టారు. నేను కింది వైరు తీసేసి, ఆ కుట్టు విప్పేసి, రెండు కిటికీలకి దోమతెర గుడ్డ వేసి మళ్ళీ కుట్టాను. ఈసారి రేకుకి బెజ్జాలు పెట్టక తప్పలేదు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న టీ తాగుతూ, "పలాస వైపు పోదామనుకుంతన్నాను. వస్తావా?" అని అడిగారు. ఆ మాట ఎంత కొత్తగా ఉందో ఆయన మొహంలోనే తెలుస్తోంది. గ్లాసు చూసుకుంటూ అడిగారు.

"రాను," అన్నాను.

అన్నాక భయం వేసింది. ఏదో పగులుతుందని ఎదురు చూశాను. "సరే అయితే," అని ఆయన గ్లాసు కడుక్కుని వెళ్ళి బట్టలు సర్దుకున్నారు. ఒక్కరే వెళ్ళారు. ఆ పూట నేను ఇల్లంతా తలుపులు తెరుచుకుని హాల్లో నేల మీద పడుకున్నాను. సుఖంగా ఉండాలి కదా, లేదు. మధ్యాహ్నం ఆయన ఫోను చేసి, అన్నం మాడిపోయిందని చెప్పారు. నవ్వాను. మర్నాడు సంచీ నిండా జీడిమామిడి పళ్ళతో వచ్చారు.

ఇప్పుడు కొన్నిసార్లు వెళ్తాను, కొన్నిసార్లు వెళ్ళను. అన్నీ తీరిపోయాయని చెప్పలేను. తలుపు జరిపి మూసిన చప్పుడుకి ఇప్పటికీ నా చెయ్యి పిడి మీదకి పోతుంది. మొన్న బారువ వెళ్ళినప్పుడు, ఇంకా సరిగా తెల్లవారకముందే ఆ సెగ వచ్చింది. ఆయన్ని లేపలేదు. తలుపు తీసుకుని దిగి, నైటీ మీద తువ్వాలు కప్పుకుని, ఇసుకలో చాలా దూరం నడిచాను. పడవల దగ్గరున్నవాళ్ళు చూశారు, చూడనిచ్చాను. తిరిగొచ్చేసరికి ఆయన గుమ్మంలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉన్నారు.

"తలుపు బార్లా తీసి పోయావు. వచ్చేపోయేవోళ్ళంతా నన్ను సూస్తన్నారు," అని విసుక్కున్నారు.

ఆయన పక్కన చోటు చేసుకుని కూర్చున్నాను.